పొగ లేని నెలకు మాంసం విందు

హాల్‌బ్రూక్ కంపెనీ తయారుచేసే విమానాల్లో కరెంటు తీగలు కాలడం పూర్తిగా ఆగిపోయిందని యాజమాన్యం అమెరికాలోని విచిటా నగర ప్రజలకు సంతోషంగా తెలియజేసింది. ఇకపై తీగలు వెచ్చబడతాయి, అంతే. ఈ ఘనత భద్రతా విభాగం అధిపతి వెర్నన్ క్లాసెన్‌ది.

పూర్వం తీగలకు మందపాటి తొడుగులుండేవి. బరువు తగ్గించాలని వాటిని ఉల్లిపొరంత పల్చన చేశారు. విమానం వణికినప్పుడల్లా అవి ఒకదానికొకటి రాసుకుని పగిలాయి, తేమ దిగింది, నిప్పురవ్వలు లేచాయి. కాలిన తొడుగు బొగ్గయి తానే కరెంటు మోయడం మొదలుపెట్టింది. జీతం పెంచమనకుండా అదనపు పని చేస్తున్నందుకు తొడుగును యాజమాన్యం సభాముఖంగా అభినందించింది.

అయినా పొగ వచ్చిందని మెకానిక్కులు ఫిర్యాదులు రాస్తూనే ఉన్నారు. మనుషుల్ని బెదిరించడం వెర్నన్‌కు చేతకాదు, తిండి పెట్టడం చేతనవును. పొగ ఫిర్యాదు లేని నెలాఖరున విమానాల షెడ్డు ముందే పొయ్యి పెట్టి, సన్నసెగ మీద గంటల తరబడి కాల్చిన గొడ్డుమాంసంతో అందరికీ విందు. ఒక్క ఫిర్యాదు వచ్చినా అందరికీ రద్దు. మొదటి నెలలో గేల్ అనే అమాయకురాలు ఉన్నదున్నట్టు రాసేసింది. "మా నోటి దగ్గర కూడు లాగేశావు కదే తల్లీ" అని తోటివాళ్ళు ఆమెతో మాటలు మానేశారు. ఆ తర్వాత ఎవరికీ పొగ కనబడలేదు. కనబడ్డా అది పొయ్యిదేనని అనుకునే సౌకర్యం ఉండేది.

"భద్రత తీగల్లో ఉండదు మిత్రులారా, మన నమ్మకంలో ఉంటుంది" అని వెర్నన్ విందు సభలో గంభీరంగా ప్రసంగించాడు. నములుతూనే అందరూ చప్పట్లు కొట్టారు. ఏడాది చివరిదాకా ఇలాగే సాగితే వెర్నన్‌కు ఉపాధ్యక్ష పదవి ఖాయమని పైవాళ్ళు మాటిచ్చారు.

ఆ ఏడాది చివరి నెలలో, కొత్తగా పుట్టిన మనవరాలిని చూడ్డానికి వెర్నన్, భార్య ఆర్డిత్ ఫీనిక్స్ నగరానికి బయలుదేరారు. విమానం హాల్‌బ్రూక్ వారు తయారుచేసిందే. కాసేపటికి ఆర్డిత్ ముక్కు ఎగబీల్చింది.

"ఏదో కాలుతోంది వెర్నన్."

"కాఫీ మాడి ఉంటుందిలే."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నీకు కాఫీ కాస్తున్నాను. మాడిన కాఫీ వాసన నాకు తెలీదా? నిజం చెప్పు, మనం పిల్లని చూస్తామా, చూడమా?"

వెర్నన్‌కు పదవి గుర్తొచ్చింది, పత్రిక తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంతలో తల పైన పలక సందులోంచి సన్నగా పొగ దిగింది. పదవి మరిచిపోయాడు. లేచి నిలబడి అటెండెంట్ షెరిలిన్‌ను పిలిచాడు.

"అమ్మా, లోపల తీగలు కాలుతున్నాయి. వెంటనే దింపమని కెప్టెన్‌తో చెప్పు. ఈ విమానం చేసిన కంపెనీకి భద్రతాధికారిని నేనే, వెర్నన్ క్లాసెన్‌ని."

షెరిలిన్ ముఖం వెలిగిపోయింది. "మీరేనా సార్! మీ పద్ధతే మా ఎయిర్‌లైన్స్‌లోనూ పెట్టారు. రేపే మా విందు. ఇప్పుడు దింపితే రిపోర్టు రాయాల్సొస్తుంది. మా నోటి దగ్గర కూడు లాగకండి సార్."

"విందు నేను పెట్టిస్తాను, ముందు దింపమను తల్లీ."

వెనక సీటాయన విసుక్కున్నాడు. "ఏమయ్యా, విమానంలో నువ్వొక్కడివే ఉన్నావా? మధ్యలో దింపితే ఫీనిక్స్‌లో నేనెక్కాల్సిన రెండో విమానాన్ని నువ్వు ఆపుతావా? కూర్చో." చుట్టుపక్కల వాళ్ళందరూ అవునవునన్నారు.

దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ప్రయాణికులు కునుకు తీసేందుకు వీలుగా దీపాలు ఆర్పడమైనదని షెరిలిన్ ప్రకటించింది. పట్టపగలు ఇంత మర్యాద చేసినందుకు అందరూ చప్పట్లు కొట్టి కళ్ళు మూసుకున్నారు. ఆర్డిత్ మాత్రం భర్త చెయ్యి పట్టుకుని వదల్లేదు.

చదువుతున్నవారు ఆ వెనక సీటాయన మీద కోప్పడవద్దని మనవి. ఆయనకు అవతల పనుంది. మీకూ ఉండే ఉంటుంది కదా.