ఎర్రగీత దాటిన ద్రాక్షపళ్లు

చల్లగాలి అందరికీ సమానంగా అందాలనేవాళ్లను నేను దగ్గరికి రానివ్వను. అంత ప్రమాదకరమైన ఆలోచన మరొకటి లేదు!

మా ఆఫీసునే తీసుకోండి. ఏసీ కింద కూర్చునే డైరెక్టర్‌గారు మండుటెండల్లో కూడా కోటు గుండీలు పెట్టుకుంటారు. గుమ్మం పక్కన కూర్చునే టైపిస్టు ఫైలు అట్టతో విసురుకుంటుంది. దీనివల్ల ఎవరికి నష్టం? కొత్తగా వచ్చినవాడు కూడా ఎవరు పెద్దో, ఎవరు చిన్నో చొక్కా తడి చూసి చెప్పేయగలడు. గాలిని సమానంగా పంచితే ఈ సౌకర్యం ఏమైపోవాలి?

ఈ గొప్ప సూత్రాన్ని ఓడల మీద వెళ్లే ఫ్రిజ్ కంటైనర్లకు వర్తింపజేసిన మేధావి ఒకాయన ఉన్నారు. పళ్లు ఎగుమతి చేసే కంపెనీకి మేనేజరు. ఎవరు ఏ ఇబ్బంది చెప్పుకున్నా “కాస్త సర్దుకోండి” అంటారు కాబట్టి ఆయన పేరు సర్దుబాటుగారుగా స్థిరపడిపోయింది. ఖాళీ జాగా కనబడితే ఆయన అందులో ఏదో ఒకటి కుక్కందే ఊరుకోరు. వాళ్లింట్లో ఫ్రిజ్ తలుపు మోకాలితో తోస్తేగానీ పడదు. వాళ్లావిడ పాల కోసం చెయ్యి పెడితే నిన్నటి కూరగిన్నె వచ్చి కాలిమీద పడుతుంది. ఆవిడ కుంటుతూనే ఆయన ప్రతిభను మెచ్చుకుంటుంది.

మా అక్కకు ద్రాక్షతోట ఉంది. ఆ ఏడాది పంట మొత్తం సర్దుబాటుగారి కంటైనర్‌లో సముద్రం దాటాలి. అక్కకు తోడుగా నేనూ వెళ్లాను. ప్యాకింగ్ షెడ్డు ముందు, లారీ మీద ఆ ఇనప గది నిలబడి ఉంది. ఒక చివర చల్లబరిచే మెషీను, రెండో చివర తలుపులు. లోపల గోడల మీద, కప్పుకు కాస్త కిందుగా, ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక ఎర్రగీత.

ఆ గీత ఎందుకో అక్క చెప్పింది. చల్లగాలి నేలలో ఉన్న గాడుల వెంట వస్తుందట. పెట్టెలకున్న చిల్లుల్లోంచి పైకెక్కుతుందట. పళ్ల వేడిని మోసుకుని, కప్పు కింది ఖాళీలోంచి మళ్లీ మెషీను దగ్గరికి పోతుందట. అందుకని గీత దాటి పెట్టెలు పేర్చకూడదట. విన్నారా? గాలి రాకపోకలకు ప్రత్యేకంగా ఒక దారి! అంబులెన్సుకే దారివ్వని వాళ్లం మనం. పైగా గీతలు గీసేది దాటడానికి కాకపోతే మరెందుకు? బ్యాంకు క్యూలో, రోడ్డు కూడలిలో మనం ఏ గీతను బతకనిచ్చాం?

సర్దుబాటుగారు ఆ ఎర్రగీతను చూసి, పిల్లలు గోడ మీద గీసిన బొమ్మను చూసినట్టు ముద్దుగా నవ్వారు. ఎక్కించమన్నారు. పెట్టెలు గీత దాటాయి, కప్పుకు అంటుకున్నాయి. మిగిలినవాటిని తలుపుల దగ్గర నిలువుగా, అడ్డంగా, ఎటు పడితే అటు కుక్కించారు. అక్క వెళ్లి ఆయనకు ఎదురుగా నిలబడింది.

“పైన మూసేస్తే గాలి ఎటు పోవాలండీ?” అంది.

“దాని దారి అది చూసుకుంటుందమ్మా. గాలికి మనం నేర్పాలా?” అన్నారాయన.

అక్క వాదించింది. పెట్టెలు దించితేగానీ ఊరుకోనంది. కానీ ఓడ బయలుదేరే వేళ దగ్గరపడింది, కోసిన ద్రాక్ష మళ్లీ తీగకు అతుక్కోదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. తలుపులు మూసి సీలు వేశారు.

పెద్దమనిషి మాట పొల్లుపోలేదు. గాలి తన దారి తానే చూసుకుంది! మెషీనులోంచి వచ్చి, పక్కనే దొరికిన సందులోంచి పైకెక్కి, అక్కడికక్కడే తిరిగి మెషీనులో దూరింది. తలుపులదాకా అంత దూరం ఎవరు పోతారు? మీరైతే పోతారా?

అవతలి రేవులో సరుకు కొన్న వ్యాపారి కంటైనర్ తెరిచి వీడియోలో చూపించాడు. తలుపుల దగ్గరి పళ్లు బూజుపట్టి రసం కారుతున్నాయి. మధ్యలోవి మెత్తబడ్డాయి. మెషీను దగ్గరివి గడ్డకట్టి, గోలీల్లా పెట్టెలో టకటకలాడుతున్నాయి. ఒక్క కంటైనర్‌లో రసం, పండు, ఐసు! ఇంతటి ప్రగతిని మెచ్చుకునే మనసు ఆ వ్యాపారికి లేకపోయింది. మొత్తం వద్దన్నాడు. అక్క ఫోను నా చేతిలో పెట్టి తోటలోకి వెళ్లిపోయింది. కోసేసిన తీగల మధ్య ఊరికే అటూ ఇటూ నడుస్తూ ఉండిపోయింది. భోజనానికి పిలిచినా రాలేదు.

కంపెనీ విచారణ జరిపింది. మెషీను పక్కనే ఉన్న థర్మామీటరు, దారి పొడవునా చల్లదనం భేషుగ్గా ఉందని సాక్ష్యం చెప్పింది. పాపం, అది అబద్ధమాడలేదు. అది కూర్చున్నచోట భేషుగ్గానే ఉంది. పైవాళ్ల పక్కన కూర్చున్నవాళ్లను దేశం ఎలా ఉందని అడిగితే ఇంకేం చెబుతారు? తలుపుల దగ్గరి పళ్లను ఎవరూ అడగలేదు. కాబట్టి తప్పు ద్రాక్షదేనని తేలింది. తోలు పలచనట. వచ్చే పంటకు తోలు మందంగా ఉండే రకం వేసుకోమని సర్దుబాటుగారు అక్కకు హితవు చెప్పారు. తోలుమందం గురించి ఆయన కన్నా బాగా చెప్పగలవారెవరు!

అంతటితో ఆగలేదు. కంటైనర్లలో గాలి ఆడే తీరును మెరుగుపరచడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ మెషీను చల్లదనాన్ని ఇంకాస్త పెంచింది. లోపలి గోడలకు నీలం బాణాల స్టిక్కర్లు అంటించి, గాలి ఎటు వెళ్లాలో రాయించింది. గాలికి చదువు రాకపోతే కమిటీ ఏం చేస్తుంది? తర్వాత వెళ్లిన సరుకులో గడ్డకట్టేవి ఎక్కువయ్యాయి. కుళ్లేవి మాత్రం ఏ మార్పూ లేకుండా కుళ్లాయి.

మళ్లీ కోతలొచ్చాయి. ఈసారి అక్క, కాయ తీగ మీద ఉండగానే షరతు పెట్టింది. గీత దాటితే ఒక్క పెట్టె కూడా షెడ్డు దాటదంది. వేరే దారిలేక ఆయన ఒప్పుకున్నారు. లోడింగు రోజున అక్క కంటైనర్ పక్కనే నిలబడింది. చిల్లుకు చిల్లు కలిసేలా పెట్టెలు పేర్పించింది. గాలి మధ్యలోనే పైకి తప్పించుకోకుండా, పెట్టెలు లేనిచోట నేల గాడులను అట్టలతో కప్పించింది. ఎర్రగీత కిందే ఆపించింది. పైన మిగిలిన ఖాళీని చూసి సర్దుబాటుగారికి చెమటలు పట్టాయి. ఆ సందులోకి, నావైపుకు మార్చి మార్చి చూశారు. నా కొలతలు తీసుకుంటున్నారేమోనని నేను అక్క వెనక్కి తప్పుకున్నాను.

పళ్లు చేరాయి. ఆ చివర నుంచి ఈ చివరదాకా ఒకే చల్లదనం, ఒకే నిగనిగ. వ్యాపారి తనే ఫోను చేసి మెచ్చుకున్నాడు. ఆ రోజు అక్క పనివాళ్లందరినీ పిలిచి ఆ మాట మళ్లీ మళ్లీ చెప్పింది.

సర్దుబాటుగారు మిఠాయి పెట్టెతో వచ్చారు. స్టిక్కర్లు పనిచేశాయని సంబరపడ్డారు. పోనీలే, పేరు వాటికే రానీ అనుకున్నాం. ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చుని, అసలు మాట బయటపెట్టారు.

“సరుకు ఇంత బాగా చేరిందంటే, పైన ఇంకో రెండు వరుసలు పట్టేవన్నమాటేగా?”

అక్క మిఠాయి పెట్టెకు మూత పెట్టి ఆయనవైపు జరిపింది. “ఇక మా పళ్లు వేరేవాళ్లతో పంపుకుంటామండీ” అంది నెమ్మదిగా.

అన్నట్టే చేసింది. ఆమె వెనకే చుట్టుపక్కల తోటలవాళ్లందరూ వెళ్లిపోయారు.

కాబట్టి పాఠకులారా, సర్దుబాటుగారి కంటైనర్‌ను మీరు ఇప్పుడు చూడాలి! నేల నుంచి కప్పుదాకా గాలికి ఎక్కడా అడ్డులేదు. మెషీను దగ్గరా, మధ్యలోనూ, తలుపుల దగ్గరా తేడా అన్నది లేకుండా ఒకే చల్లదనం. లోపల ఒక్క పండు కూడా లేదు. అనుకున్నది సాధించామని కమిటీ ప్రకటించింది.