చంద్రమ్మ చెప్పకముందే విన్నారు

శిక్ష ముందు, విచారణ తర్వాత! ఇంతకన్నా దయగల పద్ధతి ఎక్కడైనా ఉందా, చెప్పండి!

నవ్వకండి. పొద్దున్నే దీపం పెట్టుకునే మనిషిని, ఊరికే పొగడను. నోటీసు ముందే చేతికందితే ఏమవుతుంది? బీపీ పెరుగుతుంది. వకీలును వెతకాలి, జిరాక్సులు తీయించాలి. అదే తాళం పడ్డాక తెలిస్తే? అంతా అయిపోయింది కాబట్టి ఎంత ప్రశాంతత!

తొండుపల్లిలో టిఫిన్ సెంటర్ నడిపే చంద్రమ్మనే చూడండి. ఎయిర్‌పోర్టుకు వెళ్లే క్యాబ్ డ్రైవర్లలో సగం మంది ఆమె ఇడ్లీ తినందే ముందుకు కదలరు. వాడిన పేపర్ ప్లేట్లు రోడ్డు మీద పారేస్తోందంటూ మున్సిపల్ ఆఫీసువాళ్లు ఒక గురువారం సాయంత్రం వచ్చారు. మూసి ఉన్న షట్టరుకు నోటీసు అంటించి, ఫోటో తీసుకుని వెళ్లారు. వారంలోగా జవాబు చెప్పుకోవాలట.

మర్నాడు శుక్రవారం. షట్టరు కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టనిదే చంద్రమ్మ పొయ్యి వెలిగించదు. ఇరవై ఏళ్ల అలవాటు. మసక వెలుతురులో బకెట్ నీళ్లు కొట్టి, పీచుతో రుద్దింది. ఏదో కాగితం ముద్దగా చేతికొచ్చింది.

"ఈ ట్యూషనోళ్ల కాయిదాలకు నా షట్టరే దొరికిందా!" అని విసుక్కుని చెత్తడబ్బాలో వేసింది.

పది రోజులకు షట్టరుకు సీలు పడింది. ఆమె ఆఫీసుకు పరుగెత్తింది. క్లర్కు రవీందర్ ఫైలు తెరిచాడు.

"నోటీసు ఇచ్చినం గదమ్మా. ఇగో ఫోటో."

"నేను సూడనే లేదు బిడ్డా. ఇచ్చుడంటే చేతికి ఇచ్చుడు గాదా?"

"అంటిస్తే ఇచ్చినట్టే. విచారణ గూడ అయింది. ఇను: 'సదరు చంద్రమ్మ వాదనను పూర్తిగా విని, పేపర్ ప్లేట్ల విషయమై ఆమె ఇచ్చిన వివరణ సంతృప్తికరంగా లేనందున...'"

చంద్రమ్మ ఫైలు మీదికి వంగింది.

"నేనేం జెప్పిన్నో జర సదువు బిడ్డా. బాగనే జెప్పిన్నా?"

రవీందర్ పేజీలు ముందుకు తిప్పాడు. వెనక్కి తిప్పాడు.

"మా దగ్గర అన్నీ స్టీలు ప్లేట్లే. గా ముక్క జెప్పిన్నా, లేదా?"

"నాకు ఎర్కనే అమ్మా, రోజూ నీ తానే తింట గద! గని ఫైలుకు ఎర్క లేదు. అర్జీ వెట్టు, మళ్ల విచారణకు పిలుస్తరు."

"ఎట్ల పిలుస్తరు?"

"షట్టరుకు నోటీసు అంటిస్తరు."

చూశారా సౌకర్యం! మనం నోరు విప్పకముందే మన మాట వినేవాడు దేవుడొక్కడే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆఫీసు కూడా వింటుందట! కాకపోతే ఆయన విన్నాక కాస్త జాలిపడతాడు. అదొక్కటే తేడా.

ఆమె అర్జీ పెట్టింది. ఆ తర్వాత నిన్నటిది మూడో శుక్రవారం. అటుగా వెళ్తూ చూశాను. షట్టరు నిండా దుమ్ము. ఎదురుగా స్టూలు మీద చంద్రమ్మ, ఒళ్లో పసుపు గిన్నె.

"కడగలేదా అమ్మా?"

"కడిగితే కాయిదం పోతది గదన్నా. వాళ్లు అంటిచ్చినంక, ఎవలితోనన్న సదివిచ్చుకొని, అప్పుడు కడుగుత."

అయ్యా అధికారులూ! మీ పద్ధతి బంగారం, నేనేమీ అనను. ఆ కాగితమేదో తొందరగా తెచ్చేయండి. జిగురు డబ్బా మర్చిపోయినా ఫర్వాలేదు. షట్టరు ముందే ఆమె చేతులు కూడా ఉన్నాయి.