కనకమహాలక్ష్మి రెండో కిడ్నీ

ఇక మీదట బిలాస్‌పూర్‌లో కిడ్నీ కోసం ఎదురుచూసే తెలుగువాడు ఒక్కడూ ఉండడని తార్‌బహార్ కమ్యూనిటీ హాల్లో తిరుమలరావుగారు మైకు పట్టుకుని ప్రకటించారు. భాషా మైనారిటీ రోగులకి, బతికున్న దాతల కిడ్నీలు త్వరగా అందేలా చూసే కొత్త సర్కారు సెల్లుకి ఆయన చైర్మన్. పదవి వచ్చి రెండు రోజులైంది. మనిషికి కిడ్నీలు రెండుంటాయని తెలిసీ అంతే అయింది.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది కనకమహాలక్ష్మి. పలాసలో జీడిపిక్కలు ఒలుచుకు బతికే మనిషి. ఇక్కడ రైల్వే షెడ్డులో పనిచేసే తమ్ముడు అమ్మన్నకి రెండు కిడ్నీలూ పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్ అని వినగానే రెండు చీరలు సంచిలో కుక్కుకుని రైలెక్కేసింది. రక్తం కలిసింది. డాక్టర్లు సరేనన్నారు.

"అప్పా, నీకేటైనా అయితే?" అని తమ్ముడు గొణిగాడు.

"నాకేటవుద్దిరా? నాకొకటి సాలు," అని కసిరింది.

ఇక మిగిలింది వాళ్ళు అక్కాతమ్ముళ్ళని రుజువు చేసే కాయితాలు. అవి తెలుగులో ఉన్నాయి. ఆసుపత్రి కమిటీ హిందీలో ఉంది. నాలుగు నెలలుగా అవి ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

తిరుమలరావుగారు ఇద్దర్నీ ఆఫీసుకి పిలిపించి టీ ఇప్పించారు.

"ఫికర్ చెయ్యకండమ్మా. పేషెంటు మైనారిటీ అని ప్రూవ్ అవ్వాలి. బస్, అంతే. చిన్న పరీక్ష."

అమ్మన్న ముందు తెలుగు వాచకం పెట్టారు. అయిదో ఏట మేనమామ వెంట ఇక్కడి క్వార్టర్‌కి వచ్చి హిందీలో చదువుకున్నవాడు. తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరం రాదు. చెమటలు పట్టాయి. కనకమహాలక్ష్మి చూడలేక, పుస్తకం లాక్కుని గడగడా చదివేసింది.

"వాహ్!" అన్నారు చైర్మన్‌గారు. ఆ వెంటనే ఆయన ముఖం దిగులుగా అయింది. "మీరు మైనారిటీ, కానీ పేషెంటు కారు. ఈయన పేషెంటు, కానీ మైనారిటీ కాదు. ఈ జబ్బేదో మీకొచ్చుంటే వారంలో పని చేయించేవాణ్ణి."

"నాకు తెలీదు కదా బాబూ," అని ఆమె నొచ్చుకుంది.

అలాగని ఆయన ఊరుకునే మనిషి కాదు. సెల్లుకి వంద రోజులు నిండాయి. సభకి మంత్రిగారొస్తున్నారు, వేదిక మీద ఒక దాత ఉండాలి. ఊళ్ళో ఆయనకి తెలిసిన దాత ఒక్కతే. కనకమహాలక్ష్మికి శాలువా కప్పారు.

"ఇంకా ఇవ్వనేదు బాబూ," అని ఆమె ఆయన చెవిలో చెప్పింది.

"ఇస్తారు కదా? భావన ముఖ్యం."

మంత్రిగారు ఎంతో కదిలిపోయి, ఏ పక్క కిడ్నీ ఇచ్చిందో తెలీక ఆమెకి రెండు పక్కలా దండం పెట్టారు. మర్నాడే సెల్లువాళ్ళు ఆమె పేరుని విజయాల పట్టికలోకి ఎక్కించారు. కంప్యూటర్ ఆ శుభవార్తని అన్ని ఆఫీసులకీ చేరవేసింది.

సోమవారం డయాలసిస్‌కి వెళ్ళిన అమ్మన్నని గుమ్మంలోనే ఆపేశారు. కొత్త కిడ్నీ వచ్చినవాడికి మెషిన్ ఎందుకన్నారు. కాళ్ళు ఉబ్బి, ఊపిరి అందక అతను మెట్ల మీద కూలబడ్డాడు. కనకమహాలక్ష్మి తలుపుకి అడ్డంగా కూర్చుంది. ఒక్కర్నీ లోపలికి పోనివ్వలేదు. రెండు గంటల తర్వాత మెషిన్ ఇచ్చారు, ఇదే ఆఖరుసారని రాయించుకుని.

అక్కణ్ణుంచి కమిటీ ఆఫీసు. క్లర్కు దిలీప్ చాలా దయగల మనిషి. అతను హిందీలో చెప్పేది అమ్మన్న తెలుగులో అప్పకి చెప్పాడు.

"రికార్డు ప్రకారం మీరు ఒక కిడ్నీ ఇచ్చేశారు. రెండోదీ ఇస్తే చచ్చిపోతారమ్మా. చట్టం ఒప్పుకోదు."

ఆమె స్కాన్ తీయించుకొచ్చి బల్ల మీద పెట్టింది. దిలీప్ దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. రెండున్నాయి. లోపలికెళ్ళి పెద్దల్ని అడిగి, కొత్త ఫారంతో తిరిగొచ్చాడు.

"రికార్డులో ఒకటి, ఒంట్లో రెండు. అంటే ఒకటి మీకెవరో ఇచ్చారు. ఎవరిచ్చారు?"

కనకమహాలక్ష్మి స్కాన్‌ని తీసి సంచిలో పెట్టుకుంది.

"మాయమ్మ ఇచ్చింది."

"అచ్ఛా! ఇచ్చేటప్పుడు బతికే ఉన్నారా?"

"బతికుండే కన్నాది నన్ను."

దిలీప్ ముఖం విచ్చుకుంది. దగ్గరి బంధువు, బతికున్న దాత. ఏ ఇబ్బందీ లేదు. చకచకా నింపి ముద్ర కొట్టాడు. తమ్ముడి సంగతేమిటని అడిగితే, అది వేరే కౌంటర్ అన్నాడు.

బుధవారం ఆ అక్కాతమ్ముళ్ళు మళ్ళీ డయాలసిస్ సెంటర్ మెట్ల మీద ఉన్నారు. అమ్మన్న అప్ప భుజానికి ఆనుకుని రొప్పుతున్నాడు. పక్కన ఎవరో వదిలేసిన హిందీ పేపర్లో తిరుమలరావుగారు పూలదండతో నవ్వుతున్నారు. ఆయన పక్కన మళ్ళీ కనకమహాలక్ష్మి, సభలో కప్పిన అదే శాలువాతో.

"ఏటి రాసినార్రా?" అని అడిగింది.

అమ్మన్న ఆగి ఆగి చదివాడు.

"అమ్మ ఇచ్చిన కిడ్నీతో నీకు ఆపరేషన్ బాగా జరిగిందంట అప్పా."