ఎల్ఫుల ప్రత్యయాలు, రెండో రివిజన్

ఆ ఉదయం వెంకట సాయి పెట్టుకున్న పని చిన్నదే. పటాన్‌చెరు పంపుల ఫ్యాక్టరీకి ఆడిటర్ వచ్చి వెళ్లేదాకా బుద్ధిగా నిలబడి, టీ వేళకి తన ఎల్ఫుల భాషలో ఇంకో ప్రత్యయం తయారుచేసుకోవడం. ఎల్ఫులంటే మొనదేలిన చెవుల అడవి మనుషులు, ఎక్కడా లేరు. వాళ్లకోసం అతను ఏడేళ్లుగా భాష కడుతున్నాడు. ‘సుల’ అంటే పాట. ‘రీల్’ చేరిస్తే పాడేవాడు, ‘వేన్’ చేరిస్తే పాడే చోటు. ఆ భాష మాట్లాడేది ప్రపంచంలో అతనొక్కడే. ఆ దిగులు ఒకటి లోపల ఉండేది.

ఆ భాష రాసుకునే నోటుపుస్తకాన్ని సాయి మెషిన్ పక్కన మరిచిపోతే, అది ఆడిటర్ చేతికి చిక్కింది. కంపెనీ నంబరు లేని కాగితం మెషిన్ల దగ్గర కనబడితే ఆడిట్‌లో తప్పు రాస్తారు. తప్పు రాస్తే సాయి ప్రమోషన్ గోవిందా. క్వాలిటీ మేనేజర్ నాగవల్లి లోపలేముందో చూడకుండానే, అది తమ పత్రమేనని చెప్పి అక్కడికక్కడే నంబరు వేసి ముద్ర కొట్టింది.

ముద్ర పడ్డ పత్రాన్ని లైనులో అందరికీ నేర్పాలి, పరీక్ష పెట్టాలి. నెల తర్వాత వచ్చి చూస్తానన్నాడు ఆడిటర్.

“నువ్వు రాసిందేగా, నువ్వే నేర్పు. అందరూ పాసవకపోతే నీ ప్రమోషన్ సంగతి మర్చిపో” అంది నాగవల్లి.

నవ్వుతారేమోనని సాయి సిగ్గుతో చస్తూ మొదలుపెట్టాడు. ఎవరూ నవ్వలేదు. చిట్కుల్ నుంచి వచ్చే పాత ఆపరేటర్ మొగులయ్య రెండోరోజే క్యాంటీన్‌ని ‘చాయ్‌వేన్’ అన్నాడు. బిహార్ వెల్డర్లు సెలవులిచ్చే బాబుకి ‘ఛుట్టీరీల్’ అని పేరు పెట్టారు. ఏడేళ్లకి తన భాషలో ఎవరో టీకి పిలిచేసరికి సాయికి కళ్లు చెమర్చాయి. ఇక పత్రాల్లో మార్పులు అంటించే నోటీసుబోర్డు చూసే ఓపిక ఎక్కడిది? భాష కట్టినవాడికి బోర్డు నేర్పేదేముందనుకున్నాడు.

రూలు ప్రకారం నేర్పినవాడూ పరీక్ష రాయాలి. నలభైమంది పాసయ్యారు, సాయి తప్పాడు.

“‘వేన్’ పాతది సార్” అన్నాడు మొగులయ్య జాలిగా. “ఎవ్వరికి నోరు తిరుగుత లేదని నేనే మార్పు ఫారం ఇచ్చిన. మేడం సంతకం పెట్టిన్రు, బోర్డు మీద గూడ పెట్టినం. ఇగ ‘వా’ అనాలె.”

“భాష నాది కదా మొగులయ్యా.”

“గట్లెట్ల సార్? ముద్ర పడ్డంక కంపెనీది.”

రిజిస్టర్లో సాయికి మళ్లీ శిక్షణ అని రాశారు, నేర్పేవారు మొగులయ్య అని కూడా. మర్నాడు సాయి ముందు బెంచీలో కూర్చున్నాడు. ఈసారి కొత్త నోటుపుస్తకం మీద ముందే నంబరు వేయించుకున్నాడు.