మారిపోయిన పెట్టె

బట్టల కంపెనీ గేటు దగ్గర ఆడవాళ్లు సెల్‌ఫోనుతో పాటు గర్భసంచిని కూడా అప్పజెప్పి లోపలికి వెళ్లాలన్న నిబంధన వచ్చి రెండేళ్లు దాటిపోయింది కాబట్టి, దాని గురించి ఇప్పుడెవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోవడం లేదు. మొదట్లో కాస్త గొణిగారు. ఫోన్లు తీసుకున్నప్పుడు కూడా ఇలాగే గొణిగి తర్వాత సర్దుకున్నారని యాజమాన్యానికి గుర్తుంది. అందుచేత కంగారు పడలేదు.

తీయడం పెద్ద పనేమీ కాదు. బొడ్డు కింద అరచేత్తో నొక్కి, కుడి పక్కకు తిప్పి లాగితే వచ్చేస్తుంది. చెవి దుద్దు మర విప్పడం చేతనైన ఆడదానికి ఇదీ చేతనవుతుందని శిక్షణ తరగతిలో చెప్పారు, అలాగే అయింది. తీసినదాన్ని పెట్టుకోవడానికి ఆయుధపూజ నాడు అందరికీ తలొక స్టీలు పెట్టె కానుకగా ఇచ్చారు. కానుకే అయినా పెట్టె కంపెనీ ఆస్తి గనక, స్టీలు సామాన్ల కొట్టులో చెక్కించినట్టు దాని మీద పేరు చెక్కించకూడదు. కాగితం ముక్క మీద నంబరు రాసి అంటించుకోవాలి. గేటు పక్క గదిలో ఇనప అరల నిండా ఆ పెట్టెలే ఉంటాయి. వాటికి కాపలా సింహాద్రప్పడు. సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి, దేన్నయినా వరసలో పేర్చగలడు.

ఇదంతా ఆడవాళ్ల మేలు కోరి చేసిందేనని నోటీసు బోర్డులో ఉంది. నెలకోసారి కడుపునొప్పని కూర్చుండిపోయేవాళ్లు, బాత్రూముకని వెళ్లి రానివాళ్లు, కళ్లు తిరిగి మిషను మీద పడిపోయేవాళ్లు ఎక్కువైపోయారు. కొన్నాళ్లు మాత్రలు పంచారు. కొన్నాళ్లు విశ్రాంతి గది అని ఒకటి పెట్టి అందులో మంచం వేశారు, ఆ తర్వాత మంచం మీద బొత్తాల బస్తాలు వేశారు. చివరికి సమస్యను గేటు బయటే ఆపెయ్యడం మంచిదని తేలింది. అప్పటినుంచి కంపెనీలో నెలసరి నొప్పులు లేవు. ఆ మాట బోర్డు మీద పచ్చరంగు అక్షరాలతో రాసి ఉంటుంది.

నొప్పి ఎక్కడికీ పోలేదనుకోండి. పెట్టెలో ఉంది. పగలంతా మూత కింద పోగుపడి, సాయంత్రం సంచిని మళ్లీ లోపల పెట్టుకున్నాక ఒక్కసారిగా వచ్చి పడేది. రాత్రిళ్లు కూడా పెట్టెలను మీ దగ్గరే ఉంచుకోండి బాబూ అని కొందరు అడిగారు. పనివేళల తర్వాత కార్మికురాలి శరీరంలోని భాగాలకు కంపెనీ బాధ్యత వహించదని జవాబు వచ్చింది. మొగుళ్లు కూడా ఒప్పుకోలేదని వేరే చెప్పక్కర్లేదు.

కాలర్లు కుట్టే లైనులో పనిచేసే నూకరత్నానికి ఈ సాయంత్రాలంటే హడలు. నెలలో ఆ మూడు రోజులూ ఆమె పెట్టె అరలో కుదురుగా ఉండేది కాదు. మూత ఎగిరెగిరి పడేది, పక్క పెట్టెలను నెట్టేది. సింహాద్రప్పడు దాని మీద ఇటుక పెట్టేవాడు. "నీ పెట్టె నా వరసంతా పాడు సేస్తంది సూడు అమ్మా," అని విసుక్కునేవాడు. ఆ పెట్టెలోది నూకరత్నం ఇంటికి పట్టుకెళ్లాలి. పట్టుకెళ్లి, వంట చేసి, పిల్లాడికి పెట్టి, ఆటో తోలి వచ్చిన మొగుడు గోవిందుకి పెట్టి, అప్పుడు వాంతులు చేసుకోవాలి. నడుం విరిగిపోతున్నట్టు, తొడలు ఎవరో మెలిపెడుతున్నట్టు ఉండేది. వాము నీళ్లు తాగింది. మెంతులు మింగింది. సీసాలో వేడినీళ్లు పోసి పొత్తికడుపు మీద పెట్టుకుంటే చర్మం కమిలింది గానీ లోపలున్నదానికి వేడి తగల్లేదు.

ఒక ఆదివారం నాడు మండలం ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఆమెను పరీక్ష చేసింది. గర్భసంచి లోపలుండాల్సిన పొర బయట కూడా పెరుగుతోందని, దీనికో పేరుందని, వైద్యముందని, పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్లి చూపించుకోమని చెప్పింది. "ఇది ఓర్చుకునే నొప్పి కాదమ్మా. ఇన్నేళ్లు ఎలా ఓర్చావు?" అని అడిగింది. ఆ ప్రశ్నకి నూకరత్నం బావురుమంది. అలా అడిగినవాళ్లు అంతకుముందు లేరు.

సెలవు కోసం హెచ్‌ఆర్ శ్రీలత మేడమ్ దగ్గరికి వెళ్లింది. మేడమ్ మంచిదే, కూర్చోమంది. ఆసుపత్రి ఓపీ పగటిపూటే ఉంటుంది కదా, పగటిపూట నీ సంచి మా అరలో ఉంటుంది కదా, మరి అక్కడికి వెళ్లి డాక్టరుకేం చూపిస్తావు అని నెమ్మదిగా అడిగింది. సెలవు దండగని నూకరత్నం చేతే అనిపించి పంపారు.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున పెట్టెలు మారిపోయాయి. బస్సులు తొందరగా బయల్దేరతాయన్నారు. కరెంటు పోయింది. గది కప్పు కురిసి అరల మీద నీళ్లు కారుతున్నాయి, అంటించిన కాగితాలు నాని ఊడిపోయాయి. వందలమంది ఆడవాళ్లు కిటికీ మీద పడుతుంటే సింహాద్రప్పడు ఇటుక తీసి పక్కన పెట్టి, చేతికందిన పెట్టె అందించాడు. నూకరత్నం వంగి, చీర కుచ్చిళ్ల చాటున దాన్ని లోపల పెట్టుకుని తిప్పుకుంది. నెలలో ఆ మూడు రోజుల్లో ఒకటది, పళ్లు బిగించి నొప్పి కోసం చూసింది.

రాలేదు. బస్సులో రాలేదు, వంట చేస్తుండగా రాలేదు. తెల్లారి లేచాక తను రాత్రంతా నిద్రపోయిందని తెలిసి భయం వేసింది. ఏదో మంచి జరిగితే ముందు భయపడే అలవాటు ఆమెది. గేటు దగ్గర దాన్ని తీసి చేతిలో పట్టుకుని చూస్తే తేలిగ్గా ఉంది, నున్నగా ఉంది. తనది కాదు. ఇంకెవరిదో. తిరిగి ఇచ్చెయ్యాలనుకుంది. సాయంత్రం ఇద్దామనుకుంది.

ఎవరిదో ఆ సాయంత్రమే తెలిసింది. ఆమె వెనక మిషను మీద నీలవేణి అని ఒక పిల్ల పనిచేసేది. ఇంటరు తప్పి, కిందటేడే చేరింది. పనిలో పెట్టుకున్నప్పుడు కాలరు పట్టుకోవడం నూకరత్నమే నేర్పింది, అప్పటినుంచి సొంత అక్కని పిలిచినట్టు అప్పా అప్పా అంటూ వెంట తిరిగేది. ఆ నీలవేణి బస్సులో సీట్ల మధ్య నేల మీద ముడుచుకుపోయి ఉంది. చున్నీ నోట్లో కుక్కుకుంది.

"అప్పా, ఏటైపోతందో తెలట్లేదు నాకు," అంది. "నాకెప్పుడూ ఇలగ నేదు. సచ్చిపోతానేటి?"

నూకరత్నం ఆ పిల్ల వీపు నిమిరింది. ఎక్కడ నిమరాలో, ఎంత గట్టిగా అదమాలో ఆమెకి బాగా తెలుసు. రేపు పొద్దున్నే చెప్పేస్తానని మనసులో ఒట్టు పెట్టుకుంది.

పొద్దున్న చెప్పలేదు. వారం తిరక్కుండానే, ఆ సంచి లెక్కలో, ఆమెకి నెలసరి వచ్చింది. వచ్చిన సంగతి చీర చూసుకున్నాక గానీ తెలియలేదు. ఊళ్లో మిగతా ఆడవాళ్లకు ఇది ఇంత మామూలుగా వస్తుందా, వాళ్లు ఈ మూడు రోజులూ నవ్వుతూ నీళ్లు మోసుకునేది అందుకా అని దిగ్భ్రమ చెందింది. ఆ రోజు పిల్లాడితో కలిసి చెరుకు ముక్క నమిలింది. గోవిందు ఆమె వైపు చూసి, "ఒంట్లో బాగుందేటే?" అన్నాడు. బాగుంది. ముప్పై ఏళ్లు దాటాక మొదటిసారి ఒళ్లు తనదన్నట్టుంది. దీన్ని వదిలి ఆ పాతదాన్ని మళ్లీ లోపల పెట్టుకోవడం ఆమె వల్ల కాదు. అటు నీలవేణి మొహం చూస్తే అన్నం దిగేది కాదు. రెండూ నిజమే. రెండు నెలలు అలాగే గడిచాయి.

నీలవేణి ఊరుకోలేదు. మొదట సింహాద్రప్పడితో చెప్పింది, తర్వాత సూపర్‌వైజరుతో, ఆ తర్వాత కాగితం రాసి ఇచ్చింది. తన పెట్టె మారిపోయిందని, తనకొచ్చినది ఎవరిదో అని ఆమె వాదన. కంపెనీ పద్ధతి ప్రకారం విచారణ జరిగింది. శ్రీలత మేడమ్, కంపెనీ డాక్టరుగారు, సింహాద్రప్పడు కూర్చున్నారు. పెట్టె పోవడానికి, పగలడానికి, ఆలస్యంగా తీసుకెళ్లడానికి ఫారంలో గడులున్నాయి గానీ మారిపోవడానికి గడి లేదు. కాబట్టి మారిపోలేదని మొదటి అరగంటలోనే తేలిపోయింది. మూత ఎగిరిపడే పెట్టె ఎవరిదో చెప్పగలవా అని సింహాద్రప్పణ్ణి అడిగితే, తనకు వరసలే గానీ మొహాలు గుర్తుండవన్నాడు. కారే కప్పు కింద చీకట్లో ఇష్టమొచ్చినట్టు పంచానని ఒప్పుకుంటే ఉద్యోగం పోతుందని అతనికి తెలుసు.

"నీది కాదని ఎలా చెప్పగలవమ్మా?" అని మేడమ్ అడిగింది.

"నాది నొప్పెట్టదు మేడమ్. ఇది నొప్పెడతంది."

"నొప్పెట్టనిది ఎవరికుంటుంది?" అని డాక్టరుగారు నవ్వాడు. ఆయన మంచివాడే, ముగ్గురు ఆడపిల్లల తండ్రి. "ఈ వయసులో ఆలోచనలు ఎక్కువ. మనసు పని మీద పెడితే సగం తగ్గుతుంది."

పిల్ల మొండికేసింది. అయితే అదే లైనులో అనుభవమున్న మనిషిని పిలిచి అడుగుదామన్నారు. నూకరత్నాన్ని పిలిచారు. ఆమెనే ఎందుకంటే, నొప్పి గురించి అందరికంటే ఎక్కువ ఫిర్యాదులు చేసినది ఆమె. గత రెండు నెలల్లో ఒక్కటీ లేదు, కాలర్లు కూడా ఎక్కువ కుడుతోంది. ఓర్పుతో అలవాటు పడినవారికి ఉదాహరణగా ఆమె పేరు పైకి కూడా పంపించారట.

నూకరత్నం చెప్పెయ్యాలనే లోపలికి వచ్చింది. దారిలో మాటలు కూడబలుక్కుంది. నాదే మేడమ్, ఈ పిల్ల దగ్గరున్నది నాది, అది ఓర్చుకునే నొప్పి కాదు, దానికి వైద్యముంది అని చెప్పాలి. నీలవేణి ఆమెను చూడగానే లేచి నిలబడింది. కొరికి కొరికి పెదవి వాచి ఉంది. ఆ పిల్ల మొహంలో ప్రాణం లేచి వచ్చింది.

"అప్పా, నువ్వు సెప్పు. బస్సులో సూసేవు గదా. ఇలగుంటాదా ఎవరికైనా?"

"చెప్పు నూకరత్నం. ఈ అమ్మాయి చెప్పేంత నొప్పి ఉంటుందా?" అని మేడమ్ అడిగింది.

ఆ భవనం మొత్తం మీద దానికి జవాబు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఉంటుందంటే నీకెలా తెలుసంటారు. ఎలా తెలుసో చెబితే ఇద్దరి పెట్టెలూ తెప్పిస్తారు. ఆ పాత రాత్రిళ్లు, తన వంటింటి నేల, బకెట్టు, గోడకి తల కొట్టుకోవడం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"అందరికీ ఉండేదే మేడమ్," అంది. "అలవాటైపోద్ది."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఇన్నేళ్లూ తనతో అలా అన్నవాళ్లందరూ, తల్లీ, అత్తా, సూది మందు ఇచ్చే ఆర్‌ఎంపీ, ఎంతో కొంత గుండె రాయి చేసుకుని అని ఉంటారని ఆమె అనుకునేది. ఏమీ అక్కర్లేదు. నోరు తెరిస్తే చాలు, అదే వచ్చేస్తుంది.

నీలవేణి నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. తనకి మతి తప్పిందేమోనని ఆ పిల్లకి మొదటిసారి అనుమానం వచ్చినట్టుంది, చేతుల వంక చూసుకుంటూ ఉండిపోయింది. మేడమ్ మంచినీళ్లు తెప్పించి ఇచ్చింది. ఇలా తట్టుకోలేనివాళ్ల కోసం శాశ్వత జమ అనే సదుపాయం ఉందని, పెట్టెను ఒకేసారి అప్పజెప్పేస్తే ఇక రోజూ తియ్యడం పెట్టడం ఉండదని, ఇప్పటికే చాలామంది ఆడపిల్లలు చేసుకుని హాయిగా ఉన్నారని వివరించింది. రేపు పెళ్లయి పిల్లలు కావాలంటే ఎలాగని నీలవేణి అడిగింది. అప్పుడు దరఖాస్తు పెట్టుకోవచ్చంది మేడమ్. ఆ దరఖాస్తు నమూనా ఇంకా అచ్చు కాలేదు. తల్లి వచ్చి వేలిముద్ర వేసింది. కూతురు పని మానెయ్యకపోతే చాలన్నది ఆమె దిగులు. సాక్షి సంతకం సీనియరు కార్మికురాలు పెట్టాలి, నూకరత్నం పెట్టింది. శనివారం వ్యాను వచ్చి పెట్టె పట్టుకెళ్లింది. వ్యాన్లో అది దారి పొడుగునా దడదడలాడుతూనే ఉందని, డ్రైవరు మధ్యలో ఆపి తాడు కట్టాడని తర్వాత చెప్పుకున్నారు.

మర్నెల్లో ఒక సాయంత్రం నూకరత్నం కిటికీ దగ్గర వరసలో నిలబడి, పెట్టె తీసుకుని, లోపల పెట్టుకుని, ఆలస్యంగా బస్సెక్కింది. శాశ్వత జమ చేసినవాళ్లకి వరసలో పనిలేదు కాబట్టి వాళ్లు ముందే వచ్చి కూర్చుంటారు. కిటికీ పక్క సీట్లన్నీ వాళ్లవే. అందరూ పాతికేళ్ల లోపు పిల్లలు, బయటికి చూస్తూ కూర్చుని ఉన్నారు. కిందటి నెల కంటే ఎక్కువమందే ఉన్నారు. ఇంకొన్నాళ్లకి కిటికీలు చాలవు.

"అప్పా, ఇలా రా, నీకు సీటు ఆపేను," అని నీలవేణి పిలిచింది.

నూకరత్నం వెళ్లి పక్కన కూర్చుంది. అడక్కముందే నీలవేణే చెప్పింది.

"నువ్వు సెప్పినట్టే అప్పా, అలవాటైపోనాది. ఇప్పుడేటీ నేదు. నొప్పీ నేదు, ఏటీ నేదు."

బస్సు సముద్రం పక్క రోడ్డెక్కింది. నూకరత్నానికి అది నెలసరిలో రెండో రోజు. ఎక్కడా నొప్పి లేదు, పొద్దున్నుంచి నిలబడ్డ అలసట మాత్రం ఉంది, కళ్లు మూసుకుపోతున్నాయి. ఆమె తల తూలుతుండటం చూసి నీలవేణి కాస్త ఇటు జరిగి, ఆనుకోవడానికి వీలుగా భుజం కిందికి దించింది. నూకరత్నం ఆనుకుని నిద్రపోయింది.