బుల్లమ్మ తలలో నలుపు

గురువారం పొద్దున గంగులు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటి బస్సుకి శ్రీకాకుళం వెళ్ళాలి. భార్య బుల్లమ్మకి మంగళవారం తీసిన తల స్కాను ఫిల్మ్ తీసుకుని ముక్కు డాక్టరమ్మకి చూపించాలి. నాలుగింటికి జగన్నాధం వ్యాను వచ్చేలోగా తిరిగి కళింగపట్నం చేరాలి. దారిలో ఎవరైనా అడిగితే, ఎచ్చెర్లలో చదువుతున్న కూతురు అరుణశ్రీని చూడ్డానికి వెళ్తున్నానని చెప్పాలి.

"ఎవులికీ సెప్పకు మావా," అని బుల్లమ్మ గుమ్మం దాకా వచ్చి నాలుగోసారి చెప్పింది. "నా ముక్కు పని సెయ్యడం నేదని తెలిస్తే ఆ పని దేముడమ్మకి ఇచ్చేస్తారు."

"నాకెందుకు తెల్దే! నా నోటంట మాటొస్తాదేటి?" అన్నాడు గంగులు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అతని నోట్లో ఏ మాటా గంటకు మించి నిలవలేదని బుల్లమ్మకి తెలుసు. కానీ ఎండకి పోసిన నెత్తళ్ళ చేపలను వదిలి తను వెళ్ళలేదు, పంపడానికి వేరే మనిషీ లేడు.

ఊళ్ళో ఎండుచేపకి బుల్లమ్మ ముక్కే తీర్పు. వారం వారం నెల్లిమర్ల నుంచి వచ్చే షావుకారు జగన్నాధం గంపలు విప్పి చూడడు. బుల్లమ్మ గంప మీదికి వంగి ఒక్కసారి గాలి పీల్చి "ఊఁ" అంటే వ్యాను ఎక్కుతుంది, తల అడ్డంగా ఊపితే ఇంటికెళుతుంది. పదిహేనేళ్ళుగా పెద్దపెద్ద మొగాళ్ళు కూడా ఆ "ఊఁ" కోసం చేతులు కట్టుకుని నిలబడతారు. అలాంటి ముక్కు ఒక జలుబుతో మూసుకుపోయి నెల దాటింది. మల్లెపూవు ఎదరపెట్టినా, మురుగుకాలవ ఎదరపెట్టినా ఒకటే. ఆ నెలంతా ఆవిడ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, ఎప్పటిలాగే గంపల మీదికి వంగుతూనే ఉంది.

శ్రీకాకుళంలో డాక్టరమ్మ రాజకుమారి ఆపరేషనులో ఉంది. స్కాను సెంటరు వాళ్ళు గంగులు చేతిలో పెద్ద కవరు పెట్టి, దాని మీద ఫోను నంబరు రాసి, "నాలుగు దాటాక అమ్మగారికి ఫోన్ చెయ్యండి. ఫోటోలు ఆవిడకీ పంపించాం," అన్నారు. అక్కడితో ఆగి కవరు చంకలో పెట్టుకుని వచ్చి ఉంటే ఈ కథే లేదు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది, బయట ఎండ బాగా కాస్తోంది. గంగులు ఫిల్మ్ బయటికి తీసి అద్దానికి ఆనించి చూశాడు.

చూసి హతాశుడయ్యాడు. గంగులు నలభై ఏళ్ళుగా చేపలు కోస్తున్నాడు. కోస్తే లోపల తెల్లగా ఉంటే మంచిది, నల్లబడితే పోయింది. ఈ లెక్క ఏనాడూ తప్పలేదు. బుల్లమ్మ కుడి చెంపలో ఇంత నల్లటి గొయ్యి ఉంది. నుదుట్లో రెండు నల్ల గుంటలు. కళ్ళ మధ్య ఎముకంతా పురుగు తొలిచిన కర్రలా చిల్లులు చిల్లులు. మొత్తం తలలో ఎడమ చెంప ఒక్కటే తెల్లగా, నిండుగా మిగిలింది. బస్సు గార ఊరు దాటేసరికి గంగులు కండువా నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. పాపం, పక్క సీటు ఆవిడ అరటిపండు ఇచ్చి ఓదార్చింది.

ఇంటికి వచ్చినవాడు జిలేబీ పొట్లం బుల్లమ్మ చేతిలో పెట్టి, ఆవిడ నెత్తి మీది గంప దించి తను ఎత్తుకున్నాడు.

"ఏటన్నాదయ్యా డాక్టరమ్మ?"

"ఏటీ అన్నేదు. ఫోను సెయ్యమన్నారు. నువ్వు కూకో. ఎండలో తిరక్కు." ఆ మాటలు అంటున్నంతసేపూ ఆమె ఎడమ చెంపనే ఆశగా చూస్తూ నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళలో అతను అలా చూసిన రోజు లేదు. బుల్లమ్మకి భయం వేసింది.

భార్యకి చెప్పలేని మాట గంగులు కడుపులో ఎంతసేపని ఉంటుంది? నేరుగా తమ్ముడి భార్య దేముడమ్మ దగ్గరికి వెళ్ళి ఫిల్మ్ చూపించి బావురుమన్నాడు. "మీ అక్క ఎన్నాళ్ళో ఉండదే. బాగా సూసుకోవే," అన్నాడు.

దేముడమ్మ కూడా చేపలు కోసిన మనిషే. నలుపు చూసి గుండెలు బాదుకుంది. "ఓలమ్మో! పురుగు తినేసినాది బావా! ముక్కులోంచే ఎల్లుంటాది!"

ఊరి నోటికి మూకుడు లేదు. పురుగు అన్న మాట పక్కింటికి వెళ్ళేసరికి ఎండుచేపల పురుగయింది. రేవు దాటేసరికి, ఎండుచేప వాసన చూసినవాళ్ళందరి తలల్లోకీ ఎక్కే పురుగయింది. మధ్యాహ్నం మూడింటికి, రెండేళ్ళుగా తమతో మాటల్లేని లక్ష్మణమ్మ కొబ్బరిబోండంతో వచ్చి బుల్లమ్మ చెయ్యి పట్టుకుని, అక్క వరస కలిపి "మనసులో ఏటీ పెట్టుకోకప్పా," అంది. ఆ వెనకే దేముడమ్మ, పన్నెండేళ్ళ కిందట ఎరువు తీసుకెళ్ళిన ఇత్తడి బిందె తెచ్చి గుమ్మంలో పెట్టింది.

బిందె చూడగానే బుల్లమ్మ, ముక్కు గుట్టు బయటపడిపోయింది, అందుకే ఈ జాలి అనుకుంది.

"నీకెవులు సెప్పినారే?"

"బావే సెప్పినాడక్కా. ఏడవకు. మేమంతా నేమేటి?"

"నీకు సంతోసంగా ఉంటాదిలే," అంది బుల్లమ్మ.

"అంత మాటన్నావేటక్కా!" అని దేముడమ్మ నిజంగానే భోరుమంది. ఒకామె పని పోయిందని ఏడుస్తోంది, ఒకామె ప్రాణం పోతోందని ఏడుస్తోంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు.

నాలుగింటికి వ్యాను వచ్చింది గానీ గంపల దాకా రాలేదు, రోడ్డు మీదే ఆగిపోయింది. జగన్నాధం ముక్కుకి కండువా చుట్టుకుని దూరం నుంచే అరిచాడు. "ఈ వారం సరుకొద్దు! తలకాయ తినే పురుగంట గదా! డ్రైవరు గంప ముట్టనంటన్నాడు!"

ముప్ఫై గంపలు వరసగా పేర్చి ఉన్నాయి. సముద్రం మీద మబ్బు కమ్ముతోంది. ఒక్క వాన పడితే ఊరందరి వారం కష్టం నీళ్ళపాలవుతుంది. ఆడవాళ్ళంతా బుల్లమ్మ వైపు చూశారు. అప్పటికి ఆవిడకి సంగతి సగం అర్థమైంది.

"పురుగేటి? నా తలలోనా?" అని గంగులు చంకలోంచి కవరు లాక్కుంది. "సచ్చీదాన్ని నానైతే నానే అడుగుతాను. ఫోనిలా తే."

గంగులు ఫోను ఒకసారి పడవలోంచి నీళ్ళలో పడింది. అప్పట్నుంచి స్పీకరు పెడితే తప్ప మాట వినపడదు. ఊరంతా చుట్టూ మూగింది, జగన్నాధం కూడా కండువా సడలించి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నాను కళింగపట్నం బుల్లమ్మనండి. నా తలంతా నల్లబడిపోనాదంట. ఇంకెన్నాళ్ళుంటాను?"

"ఎవరు చెప్పారమ్మా?" అంది రాజకుమారి.

"మా మావ."

"ఆయన డాక్టరా?"

"కాదండి. సేపలు కోస్తాడు."

అవతల ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కాస్త సమయం పట్టింది. "ఫోటోలో నలుపంటే గాలి, బుల్లమ్మా. చెంపల్లో, నుదుట్లో, కళ్ళ మధ్య అందరికీ ఖాళీ గదులుంటాయి. వాటినే సైనసులంటాం. ఒక్కో గదికీ ముక్కులోకి చిన్న దారి ఉంటుంది. అవి ఖాళీగానే ఉండాలి. ఆయనకి నల్లగా కనిపించినవన్నీ శుభ్రంగా ఉన్నాయి. తెల్లగా ఉన్న ఎడమ చెంప ఒక్కటే చెడింది. దారి మూసుకుపోయి గది నిండా చీము పట్టింది."

గంగులు ఆ చెంప మీదినుంచి చూపు తిప్పుకున్నాడు.

"పురుగు నేదాండి?" అని వెనకనుంచి దేముడమ్మ అరిచింది.

"ఏ పురుగూ లేదు. ప్రాణానికేం భయం లేదు. మందులతో తగ్గుతుంది."

ఊరు ఊపిరి పీల్చుకుంది. డ్రైవరు సిగ్గుపడి మొదటి గంప ఎత్తాడు. దేముడమ్మ ఇత్తడి బిందెని కాలితో మెల్లగా తన వైపు జరుపుకుంది. బుల్లమ్మ అక్కడితో ఫోను పెట్టేసి ఉంటే బాగుండేది. ఏ మీట నొక్కాలో ఆవిడకి తెలియదు.

"మరి వాసన సంగతేమిటి?" అంది డాక్టరమ్మ. "నెల నుంచి ఏమీ తెలియడం లేదన్నావు కదా. ముక్కు లోపల పైకప్పు దగ్గర వాసన పట్టే చోటుంటుంది. వాపు వల్ల గాలి అక్కడిదాకా చేరడం లేదు. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో రోజూ ముక్కు కడగాలి."

"సముద్రం నీళ్ళు పనికొస్తాయాండి?" అన్నాడు గంగులు.

"రావు," అని ఆవిడ పెట్టేసింది.

జగన్నాధం కండువా పూర్తిగా తీసేశాడు. "నెల్రోజులా? అయితే నాలుగు వారాలుగా నా గంపల మీద ముక్కెట్టి నువ్వు సేసిందేటప్పా?"

"నా ముక్కు సుబ్బరంగా ఉన్నాది షావుకారూ," అంది దేముడమ్మ, కళ్ళు తుడుచుకుంటూనే.

బుల్లమ్మ తల దించుకుంది. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. "ఒట్టినే వంగీదాన్ని. మీకు తప్పుడు సరుకు ఎల్లిపోతాదని బయమేసీది. అందుకని మీరు రాకముందే ప్రెతి గంపా అడుగు దాకా కెలికీదాన్ని. అడుగు సేప తీసి ఇరిసీదాన్ని. టక్కుమంటే ఎండినట్టు, వంగితే ఎండనట్టు. మొప్పలు సూసీదాన్ని. మునుపైతే పైనున్న సేప వాసన సూసి ఊఁ అనీదాన్ని. నా ముక్కు మీద నాకంత నమ్మకం." చేతులు కట్టుకుని నిలబడింది. "ఇంక మీ ఇష్టం."

జగన్నాధం వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు. "మునుపు వారానికి రెండు గంపలు సంతలోంచి ఎనక్కొచ్చీవి. ఈ నెల ఒక్కటీ రానేదు," అన్నాడు. "అప్పా, నీ ముక్కు బాగయ్యీదాకా ఈ పని ఇంకెవులికీ ఇవ్వను."

మందులు మొదలెట్టాక మూడో వారం మంగళవారం పొద్దున, పులుసులో ఇంగువ వేస్తుంటే బుల్లమ్మకి ఒక్కసారిగా వాసన తగిలింది. పొయ్యి ముందే కూలబడి చాలాసేపు ఏడ్చింది. గంగులు అడిగితే పొగ అంది.

గురువారం జగన్నాధం వ్యాను దిగుతూనే అడిగాడు. "ముక్కెలగున్నాదప్పా?"

"ఏటీ తెలీడం నేదు షావుకారూ," అంటూనే బుల్లమ్మ, ఇంకా మూత తియ్యని ఏడో గంపని పక్కకి పెట్టించింది.