విలువ సరిపోలేదు

తప్పని చెప్పాలి గానీ, ఆ తప్పేమిటో చెప్పకూడదు! నాగరికత అంటే ఇదే. 1993లో ఈ సంగతి కనిపెట్టిన ఘనత గద్వాల పక్కనున్న ఓ చిన్న నేత సంఘానిది. పేరడక్కండి, వాళ్లకు పొగడ్తలు గిట్టవు.

అక్కడికి కంప్యూటర్ వచ్చింది. చీర కొలత చెబితే పరీక్షించి స్లిప్పు ఇస్తుంది. బాగుంటే "పాస్". లేకపోతే "విలువ సరిపోలేదు". అంతే! ఉండాల్సిందెంత, ఉన్నదెంత అనే చాదస్తం లేదు. ఎంత కాగితం ఆదా!

పాత మేస్త్రీ అయితే చీర పరిచి, "అంచు నాలుగు వేళ్లుండాలె, మూడే వచ్చింది" అని మొహం మీదే చెప్పేవాడు. మర్యాదేనా అది? దవాఖానలో కూడా ఇకపై "ఒళ్లు సరిపోలేదు" అని రాసిస్తే ఎంత సుఖం! జ్వరమో, కాలు విరిగిందో ఇంటికెళ్లి తీరిగ్గా కనుక్కోవచ్చు.

నేతగాడు బాలకిష్టయ్యకు ఆ భాగ్యం దక్కింది. పట్టంచు చీర నేసి తెచ్చాడు. అది పాసైతేనే సంఘం కొత్త నూలిస్తుంది, అప్పటిదాకా మగ్గం ఖాళీ. గుమాస్తా వెంకట్రాములు పొడవెంతని అడిగి, చెప్పిన అంకె కొట్టాడు. "విలువ సరిపోలేదు."

"ఎక్కువైందా, తక్కువైందా సారూ? జర చెప్పుండ్రి."

"నాకేం తెల్వదు. అంతా అండ్లనే ఉంది, సదువుకో."

చదువుకుంటూ ఇంటికెళ్లాడు. భార్య రామేశ్వరమ్మ అంచు తడిమింది, బుటాలు లెక్కపెట్టింది. తప్పు దొరకలేదు. "పొడుగెక్కువైందేమో, తక్కువైతే అతకరాదాయె" అంది. మూడు రోజులు ఖాళీ మగ్గం వంక చూశారు. నాలుగో రోజు మూరెడు గుడ్డ కోసేశారు.

మళ్లీ పరీక్ష. మళ్లీ అదే స్లిప్పు, అక్షరం కూడా మారలేదు. ఏం నిలకడ!

బాలకిష్టయ్యకు ఒళ్లు మండింది. "మొన్న పన్నెండంటి, ఇయ్యాల పదకొండంటి. మీ మిషనుకు ఎన్ని మూరలు గావాలె?"

మూరలా! వెంకట్రాములు గతుక్కుమని మిషనుతో వచ్చిన పుస్తకం తీశాడు. యంత్రానికి కావలసింది ఐదున్నర. అవి మీటర్లు! నేతగాడు మోచేతితో కొలిచి మూరల్లో చెబితే, గుమాస్తా ఆ పన్నెండే కొట్టాడు. పన్నెండు మూరలంటే ఇంచుమించు ఐదున్నర మీటర్లే. చీర మొదట్లో సరిగ్గానే ఉంది.

"ఉండాల్సింది ఐదున్నర మీటర్లు, వచ్చింది పన్నెండు" అని ఒక్క వరుస అచ్చేస్తే రిబ్బన్ అరిగిపోయేదా అంటారు మీరు. తొందరపడి యంత్రాన్ని తిట్టకండి. వెంకట్రాములు వెంటనే టేపు తెచ్చి, కోసిన చీరను మీటర్లలో కొలిచి, అంకె కొట్టాడు.

"విలువ సరిపోలేదు."

ఈసారి మాత్రం అది నిజమే చెప్పింది.